పిల్లల నోట మాటలు నిలవడం లేదా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు సంబంధించిన విషయం ఇది. అంగన్‌వాడీ టీచర్లకు, ఒకటి రెండు తరగతులు చెప్పేవారికి, ఇంట్లో పిల్లలతో ఎక్కువసేపు గడిపే అమ్మానాన్నలకు, నానమ్మలకు, తాతయ్యలకు పనికొస్తుంది. కింది సమస్యల్లో చాలావాటికి మూలం ఒక్కటే. పిల్లలు మాటను వింటారు, బొమ్మలో చూస్తారు, కానీ దాంతో ఏ పనీ జరిపించుకోరు. అడగడానికో, వద్దనడానికో, చాడీ చెప్పడానికో వాడిన మాటే నిలుస్తుంది.

చార్టు మీద గడగడా చెబుతుంది, వస్తువు చూపిస్తే తెల్లమొహం వేస్తుంది

బొమ్మల వరుస కంఠతా వచ్చింది, మాటలు రాలేదు. తేల్చుకోవడం సులువు: వరుస తప్పించి మధ్యలో ఎక్కడో వేలు పెట్టి అడగండి. చార్టులో ఊదారంగు గుండ్రటి వంకాయ ఉంటే, సంచిలోంచి పొడుగాటి ఆకుపచ్చ వంకాయ తీసి చూపించండి.

వారంపాటు చార్టు తీసేయండి. గుడ్డ సంచిలో ఐదు వస్తువులు వేసి, చూడకుండా చేత్తో తడిమి చెప్పమనండి. పేరుతో ఆగొద్దు. నున్నగా ఉందా, గరుకుగా ఉందా? మెత్తనా, గట్టా? దీన్ని ఏం చేస్తాం? పేరు చుట్టూ ఇన్ని మాటలు అల్లుకుంటేనే అది అవసరానికి గుర్తొస్తుంది.

"అది ఇయ్యి", "ఇట్లా చెయ్యి" తప్ప ఇంకో మాట రాదు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, అందరూ వదిలేసేది ఇదే. జంతువులు, పండ్లు, రంగులు అంటూ పేర్లు నేర్పుతాం. పనుల మాటలు నేర్పం. పైగా ఇప్పుడు చాలా ఇళ్లలో అన్నిటికీ "కట్ చెయ్యి" ఒక్కటే. ఉల్లిపాయ తరగడం, కొబ్బరి తురమడం, చిక్కుడుకాయ తుంచడం, వెల్లుల్లి ఒలవడం, అల్లం దంచడం, ఉడికిన పప్పు ఎనపడం, బియ్యంలో రాళ్లు ఏరడం, ఇవన్నీ వేర్వేరు పనులు. చేతి కదలికే వేరు. ఆ తేడా వినపడకపోతే పిల్లలకు అది కనపడదు కూడా.

మందు వంటింట్లోనే ఉంది. రోజుకు పది నిమిషాలు చాలు. కత్తి, కారం, వేడి లేని పని ఎంచుకోండి: పచ్చి బఠాణీలు ఒలవడం, చిక్కుడుకాయలకు ఈనెలు తీసి తుంచడం, గోంగూర ఆకులు గిల్లడం.

మొదటి రోజు పని చేస్తూ, చేయిస్తూ పైకి అనండి: "ఇదిగో, ఈనె లాగేశాను. ఇప్పుడు రెండుగా తుంచుతున్నా. నువ్వూ తుంచు." రెండో రోజు కావాలని తప్పు చెప్పండి: "ఈ వెల్లుల్లి తురమనా?" పిల్లలు నవ్వి, "కాదు, ఒలవాలి" అంటారు. సరిదిద్దే అవకాశం ఇచ్చినప్పుడు మాట ఎంత గట్టిగా బయటికొస్తుందో చూడండి. మూడో రోజు, ఏం చేశారో పనిలో లేని మనిషికి, అంటే నాన్నకో తాతయ్యకో, చెప్పమనండి. వాళ్లు చూడలేదు కాబట్టి వేలు చూపించి "అది" అంటే సరిపోదు, మాట వాడక తప్పదు.

రోజుకు రెండు కొత్త మాటలు మించొద్దు. బడిలోనైతే ఇదే పద్ధతి కాగితంతో: మడవడం, చింపడం, అతికించడం, చుట్టడం, పరచడం.

సోమవారం చెప్పిన మాట గురువారానికి మాయం

ఇక్కడ చూడాల్సినవి రెండు. మొదటిది, అర్థం చెప్పిన తీరు. "బెరుకు అంటే జంకు" అని చెబితే తెలియని మాటకు తెలియని మాటే తోడైంది. "కొత్తవాళ్ల ముందు మాట్లాడాలంటే లోపల కాస్త భయంగా ఉంటుంది చూడు, అదే బెరుకు" అనండి. వెంటనే రెండు సందర్భాలిచ్చి అడగండి: "కొత్త బడిలో మొదటిరోజు బెరుకుగా ఉంటుందా? అమ్మ పక్కన కూర్చుంటే?" ఆ తర్వాత పిల్లల సొంత వాక్యం.

రెండోది, సంఖ్య. రోజుకు పది మాటలు బోర్డు మీద రాసి పదేసిసార్లు రాయిస్తే వేళ్లు నొప్పెడతాయి, అంతే. ఒకటో తరగతికి వారానికి ఐదారు చాలు. "ఏనుగు" లాంటి తెలిసినవి వద్దు, ఒక్క పాఠంలో తప్ప ఎక్కడా తగలనివి వద్దు. ఇరుకు, వాలు, తడబడు, ఓపిక, ఆనవాలు లాంటివి కథల్లోనూ మాటల్లోనూ మళ్లీ మళ్లీ తగులుతాయి. సోమవారం రెండు, బుధవారం రెండు, గురువారం ఒకటి చెప్పి, శుక్రవారం పాతవన్నీ ఆటలోకి తేవాలి. మరుసటి వారం మధ్యలో ఒకసారి, నెలాఖరున ఇంకోసారి కదపండి. కదపని మాట జారిపోతుంది.

కథ శ్రద్ధగా వింటాడు, అడిగితే "ఏమో" అంటాడు

ఏకబిగిన చదివేయడం, లేదా చివర్లో పరీక్షలా ప్రశ్నలు వేయడం దీనికి కారణం. అదే పుస్తకం వారంలో మూడుసార్లు చదవండి. మొదటిసారి కథ కోసం. రెండోసారి ఆపి అడగండి: "కుక్కపిల్ల ఎందుకు నక్కింది?" అడిగాక ఐదు సెకన్లు నోరు మెదపకుండా ఆగాలి. పెద్దలకు ఇదే కష్టం. "కుక్క పోయింది" అంటే, "అవును, కుక్కపిల్ల భయపడి మంచం కింద నక్కింది" అని పెంచి చెప్పి, మళ్లీ అనమనండి. మూడోసారి బొమ్మలు చూస్తూ కథ వాళ్లే చెప్పాలి.

ఇంట్లో వసపిట్ట, తరగతిలో మౌనం

ఇంటి మాట, బడి మాట వేరైతే ఇలా అవుతుంది. ఆనపకాయ, ఆనిగెపుకాయ, సొరకాయ ఒకటే కాయ. ఉల్లిగడ్డ, ఎర్రగడ్డ, ఉల్లిపాయ కూడా అంతే. పిల్లవాడు తన మాట అన్నప్పుడు "తప్పు" అన్నామా, మళ్లీ నోరు విప్పడు. "మీ ఇంట్లో ఎర్రగడ్డ అంటారు, పుస్తకంలో ఉల్లిపాయ అని రాశారు" అని రెండూ బోర్డు మీద పక్కపక్కన రాయండి.

గోండి, కోయ, సవర, లంబాడీ మాట్లాడే ఇళ్ల పిల్లలకు ఇది ఇంకా ముఖ్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం ఆధారపడింది ఈ సూత్రం మీదే: ముందు ఇంటి భాషలో, దాని మీదుగా తెలుగులోకి. ఆ భాష రాని టీచరు ఊరి పెద్దలను అడిగి, బడిలో రోజూ అవసరమయ్యే మాటలను రెండు వరుసల నోటుపుస్తకంలో రాసుకుంటే మొదటి నెల గడుస్తుంది.

ఫోన్‌లో రైమ్స్ అన్నీ వచ్చు, అడిగితే జవాబు చెప్పదు

తెర ఎదురు మాట్లాడదు, ఆగదు, తప్పు దిద్దదు. 2 నుంచి 4 ఏళ్లవారికి రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంటలోనూ పక్కన కూర్చోండి. ముఖ్యంగా అన్నం తినిపించేటప్పుడు ఫోన్ తీసేయండి.

ఇవన్నీ చేసినా కదలిక లేదు

ముందు చెవులు అనుమానించండి. మాట్లాడేవారి పెదాల వైపే చూడటం, వెనక నుంచి పిలిస్తే పలకకపోవడం, టీవీ శబ్దం పెంచడం, జలుబు చేసినప్పుడల్లా వినికిడి తగ్గినట్టుండటం గుర్తులు. కర్ణభేరి వెనక ద్రవం చేరితే నొప్పి లేకుండానే వినికిడి మందగిస్తుంది. బడిలో "పరాకు పిల్లవాడు" అని పేరు పడుతుంది.

రెండేళ్లు నిండినా యాభై మాటలు రాకపోయినా, "అమ్మ రా" లాంటి రెండు మాటల జత కట్టకపోయినా "మగపిల్లలకు ఆలస్యమే" అని ఆగొద్దు. ఇంట్లో రెండు భాషలుంటే రెండిటి మాటలూ కలిపి లెక్కించండి. రెండు భాషలు మాట్లాడటం వల్ల మాటలు ఆలస్యం కావు. ఉన్న మాటలు పోతుంటే ఏ వయసులోనైనా వెంటనే డాక్టరుకు చూపించాలి.

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చినప్పుడు ఈ గుర్తులు స్పష్టంగా చెప్పి, జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపేలా చీటీ రాయించుకోండి. వినికిడి పరీక్షకు "ఇంకా చిన్నపిల్ల" అనే మాట లేదు, పుట్టిన బిడ్డకూ చేస్తారు. పరీక్ష తేదీ వచ్చేదాకా తరగతిలో ఆ పిల్లను ముందు వరుసలో, ఫ్యాన్ శబ్దానికి దూరంగా, మీ ముఖం కనిపించేలా కూర్చోబెట్టండి.