రోహిణి ఎండలు రాకముందే ఆంథూరియం నారు సంగతి చూసుకోండి

శివరాత్రి దాటిందంటే హైదరాబాద్‌లో ఆంథూరియం (ఎర్రటి రేకు, మధ్యలో కంకి ఉండే పూలమొక్క) గింజలు వేసుకున్నవాళ్ళకు గుండెల్లో గుబులు మొదలవుతుంది. పెద్ద మొక్కకు పర్వాలేదు. ఆకు అంచులు మాడినా నీడలోకి జరిపితే వానలకు కొత్తాకు వేస్తుంది. గోరంత ఆకుల నారుకు మాత్రం ఒక్క మధ్యాహ్నం చాలు.

నా మొదటి నారును చంపింది ఎండ కాదు, నా అతిజాగ్రత్త. గాలి పొడిగా ఉందని పలచటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత బిగించి, తూర్పు బాల్కనీ మూలన ఉంచాను. ఫిబ్రవరిలో ఆ మూలకు ఎండ వచ్చేది కాదు. పొద్దు కాస్త ఉత్తరానికి జరిగేసరికి ఏప్రిల్‌లో గంటసేపు నేరుగా పడింది. సాయంత్రం వచ్చి మూత తీస్తే ఉడికిన తోటకూర వాసన! ఆకులు గాజుకాగితంలా అయిపోయి, ముట్టుకుంటే వేలికి అంటుకొచ్చాయి. పరాగం అంటించిన రోజు నుంచి లెక్కేస్తే ఏడాది పని.

అందుకే మొదటి మాట: మూత ఉన్న డబ్బాను ఎండ పొరపాటున కూడా పడని చోట పెట్టండి. ఒక సెలవు రోజు గంటగంటకీ చూసి ఆ చోటు ఖాయం చేసుకోండి, నెల తర్వాత మళ్ళీ చూడండి. చిన్న థర్మామీటరు డబ్బా లోపల ఉండాలి, గోడకు కాదు. 20 నుంచి 30 డిగ్రీల మధ్య నారు హాయిగా ఉంటుంది. 32 దాటితే మూత ఓరగా తీయండి, 35 దగ్గర పడితే ఇంట్లో చల్లటి గదిలోకి మార్చేయండి. కూలర్ గాలి తిన్నగా తగలకూడదు. ఏసీ గదిలో పెట్టొచ్చు కానీ అక్కడ గాలి పొడిగా ఉంటుంది, మూత ఉండాల్సిందే.

మూత లేకుండా అలవాటు చేసే పని, చిన్న కుండీల్లోకి విడదీసే పని మార్చి సగానికల్లా ముగించండి. కుదరకపోతే జులై దాకా ఆగండి. ఏప్రిల్‌లో వేరు కదిపిన నారు మళ్ళీ పట్టుకోవడం కష్టం. ఎరువు కూడా అంతే. ముదురు ఎండల్లో ఆపేసినా నష్టం లేదు.

ఇక నీళ్ళు. మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళతో మనమే చెయ్యి కడుక్కోలేం, నారుకు పోస్తే ఏమవుతుంది? రాత్రే బకెట్‌లో పట్టి ఉంచి పొద్దున పోయండి. బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువైతే ఆకు కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి. ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్ళు అంతకంటే ఉప్పన. పారబోయడం ఇష్టంలేక వాటిని కుండీలకు పోసే ఇళ్ళు చాలా ఉన్నాయి, ఆంథూరియంకు మాత్రం వద్దు. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళు దానికి బాగా నప్పుతాయి. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) కూడా కొత్తదైతే రెండు మూడుసార్లు నానబెట్టి పిండాకే వాడండి.

పైన ఎండినట్టు కనిపించగానే నీళ్ళు పోసే అలవాటు మానుకోవాలి. డబ్బా ఎత్తి చూడండి, బరువుగా ఉంటే పోయక్కర్లేదు. మొలక మొదలు దగ్గర సన్నబడి, నల్లబడి, పక్కకు పడిపోతే అది దాహం కాదు, కుళ్ళు. ఆ మొలకను చుట్టూ ఉన్న మట్టితో సహా చెంచాతో తీసేసి, మూత తెరిచి గాలి తగలనివ్వండి. ఊరెళ్తూ తాళం పక్కింటివాళ్ళకు ఇస్తే, "రోజూ పోయండి" అనకండి. నేను అన్నాను. పాపం, ఆవిడ రోజూ చెంబెడు పోశారు.

గింజ కట్టించేవాళ్ళకు ఇంకో లెక్క ఉంది. మనం పువ్వనుకునే ఎర్రటి రేకు పువ్వు కాదు, మధ్యలోని కంకి మీద గరుకుగా కనిపించే ఒక్కో బుడిపే ఒక్కో పువ్వు. ముందు వాటి మీద ఉదయంపూట సన్నటి జిగురు చుక్కలు మెరుస్తాయి. పుప్పొడి అందుకునే సమయం అదే. ఆ కంకి తన పుప్పొడి వదిలేది కొన్ని రోజుల తర్వాత, అప్పటికి చుక్కలు ఆరిపోయి ఉంటాయి. కాబట్టి పుప్పొడి ఇంకో పువ్వు నుంచి తెచ్చి మెత్తటి కుంచెతో అద్దాలి. అద్దిన ఆరేడు నెలలకు పండు. దసరాకు అద్దినవి సరిగ్గా ఏప్రిల్, మేలో పండి చేతికొస్తాయి, అంతకంటే చెడ్డ ముహూర్తం లేదు. గింజను దాచుకుందామంటే కుదరదు, ఎండితే కొద్దిరోజుల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. శివరాత్రి రోజుల్లో అద్దితే వినాయకచవితి రోజులకు పండ్లు, బయట చల్లటి తేమ. నేనైతే మార్చి తర్వాత కుంచె ముట్టుకోను. పొడిగాలికి ఆ చుక్కలు నిలవవు కూడా.

ఇప్పటికే కంకి మీద కాయలుంటే అవి రంగు తిరిగి బయటికి తోసుకొచ్చేదాకా ఆగండి. గుజ్జు చిదిమి, గింజ జారుడు పోయేదాకా కడిగి, అదే రోజు తడి నాచు (నర్సరీల్లో దొరికే స్ఫాగ్నమ్ మాస్) మీద పరచండి. పైన మట్టి కప్పొద్దు. కడిగేటప్పుడు చేతికి తొడుగు ఉండాలి. ఇదీ చేమ కుటుంబమే, అదే దురద. సెలవులకు వచ్చిన పిల్లలకు ఆ మెరిసే పండ్లు అందనివ్వకండి, నోట్లో పెట్టుకుంటే నాలుక మండిపోతుంది.

ఏ తల్లికి ఏ తండ్రి పుప్పొడి అద్దారో రాసే చీటీ మీద మార్కరు వద్దు, ఎండకు వెలిసిపోతుంది. ప్లాస్టిక్ చీటీ మీద పెన్సిల్‌తో రాయండి.

మృగశిర వచ్చి తొలివాన పడగానే నారును బయటపెట్టాలని మనసు లాగుతుంది. ఆగండి. తెల్లవారుజామున ఆకు అంచున నీటిబొట్లు నిలుస్తాయి చూశారా, ఆ రంధ్రాల్లోంచే బాక్టీరియా ఎండుతెగులు లోపలికి వెళ్తుంది. వానచినుకు దాన్ని ఒక కుండీ నుంచి ఇంకోదానికి చిమ్ముతుంది. 1980ల్లో హవాయిలో చాలామంది చిన్న రైతులు ఈ తెగులుకే ఆంథూరియం సాగు వదులుకున్నారు. ఆకు అంచున నీళ్ళు ఇంకినట్టు మచ్చ, దాని చుట్టూ పసుపు కనిపిస్తే ఆ మొక్కను కుండీతో సహా కవరులో కట్టి పారేయండి. కత్తెరను ప్రతి మొక్కకూ స్పిరిట్‌తో తుడవండి. మిగతావాటిని చూరు కింద, చినుకు పడని చోట ఉంచి, ఆకుల మీద కాకుండా మొక్క మొదలు దగ్గర మాత్రమే నీళ్ళు పోయండి.