కాళ్లు చేతులు మొద్దుబారుతున్నాయా? కారణం తేల్చుకోవడం ఎలా?

హన్మకొండ బస్టాండులో పరకాల బస్సు దిగి అమ్మ ఆటో దాకా నడిచి వచ్చింది. ఆటో ఎక్కబోతుంటే చూశాను, ఎడమ కాలికి చెప్పు లేదు. ఇరవై అడుగుల వెనక కంకర మీద పడి ఉంది. "ఊడింది తెల్వలే కొడుకా" అంది, నవ్వుతూనే. అప్పటికే ఏడాదిగా అరికాళ్లలో చీమలు పారినట్టు ఉంటోందని, రాత్రిళ్లు మంటలని చెబుతూనే ఉంది. వయసు మీద పడ్డది కదా అని మేమే పట్టించుకోలేదు.

ఆ చెప్పు ఊడిన రోజు నుంచి అసలు కారణం తేలే దాకా ఎనిమిది నెలలు పట్టింది. వరసగా పోయి ఉంటే మూడు నాలుగు వారాల్లో తేలిపోయేది. నేను డాక్టర్ని కాను, అమ్మను వెంటబెట్టుకుని తిరిగిన కొడుకుని. మేం చేసిన తప్పులు మీరు చేయకుండా ఉండటానికి, ఏది ముందు ఏది వెనక అన్నది రాస్తున్నా.

ముందుగా: ఇవి ఉంటే చదవడం ఆపి బయల్దేరండి

ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యి, కాలు, మూతి మొద్దుబారడం, మాట తడబడటం పక్షవాతం కావచ్చు. 108కి ఫోన్ చేయండి. ఎన్ని గంటలకు మొదలైందో చూసి పెట్టుకోండి. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. అందుకే సీటీ స్కాన్ లేని దవాఖానలో ఆగి సెలైన్ ఎక్కించుకుంటే ఆ టైమంతా అక్కడే పోతుంది.

రెండోది, తిమ్మిరి పాదాల్లో మొదలై రోజుల్లోనే పైకి పాకుతూ కాళ్లలో బలం తగ్గిపోవడం. నిన్న మెట్లెక్కిన మనిషి ఇవాళ కింద కూర్చుంటే లేవలేడు. అంతకు వారం పది రోజుల ముందు జ్వరమో విరేచనాలో వచ్చి ఉంటాయి. 2025 జనవరిలో పుణెలో కేసులు పెరిగినప్పుడు జీబీఎస్ (గిలాన్ బారే సిండ్రోమ్) అని పేపర్లలో చూసే ఉంటారు, అదే ఇది. ఊపిరి తీసుకునే కండరాల దాకా పోవచ్చు కాబట్టి వెంటిలేటర్ ఉన్న చోటికే పోవాలి.

మూడోది, నడుము నొప్పితో పాటు కూర్చునే భాగం, తొడల లోపలి వైపు స్పర్శ పోవడం, మూత్రం ఆగిపోవడం. చెప్పుకోవడానికి సిగ్గుపడతారు, ముఖ్యంగా ఆడవాళ్లు. మీరే అడగండి. ఇది రేపటి దాకా ఆగే పని కాదు.

ఇవేవీ లేకపోతే తొందర లేదు. కింద చెప్పినట్టు ఒక్కొక్కటిగా చేసుకుంటూ పోవచ్చు.

ఎక్కడ మొద్దుబారిందో బొమ్మ గీయండి

"నరాల వీక్‌నెస్" అనేది మన దగ్గర ప్రతి ఆర్ఎంపీ చెప్పే మాట. అది రోగం పేరు కాదు. ఏ నరం, ఎక్కడ, ఎందుకు అన్న మూడింటికీ అందులో జవాబు లేదు. "నరాలు గుంజుతున్నయి" అని మనం చెప్పే మాటతోనూ డాక్టరుకు పెద్దగా ఏమీ తెలియదు.

ఒక తెల్ల కాగితం మీద మనిషి బొమ్మ గీయండి, ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి. పిల్లల నోట్‌బుక్ కాగితమైనా చాలు. స్పర్శ తెలియని చోట గీతలు, సూదులు గుచ్చినట్టున్న చోట చుక్కలు, మంట ఉన్న చోట అడ్డగుర్తులు పెట్టండి. బలం తగ్గడం వేరే సంగతి, దాన్ని పక్కన మాటల్లో రాయండి: చెప్పు ఊడుతోంది, గుండీ పెట్టుకోలేకపోతోంది, చీకట్లో తూలుతోంది, ఇలా. ఏ నెలలో మొదలైందో గుర్తు లేకపోతే బతుకమ్మకు ముందా, మేడారం జాతర తర్వాతా అని పండుగల లెక్కన అడగండి. అమ్మకు తారీఖులు గుర్తుండవు, సంక్రాంతికి ముగ్గు వేస్తుంటే కాళ్లు చల్లగా ఉన్నా తెలియలేదన్నది మాత్రం గుర్తుంది.

ఈ బొమ్మతోనే సగం సంగతి తేలుతుంది. రెండు పాదాల వేళ్ల దగ్గర మొదలై, మేజోళ్లు తొడిగినట్టు సమానంగా పిక్కల దాకా వచ్చి, ఆ తర్వాత చేతి వేళ్లకు పాకితే ఒంట్లోనే ఏదో లోపం ఉందన్నమాట: షుగర్, బీ12 తగ్గడం, మద్యం, కిడ్నీ జబ్బు, కొన్ని మందులు. పొడవైన నరాల కొసలకే ముందు దెబ్బ తగులుతుంది కాబట్టి పాదాల నుంచి మొదలవుతుంది.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి నిద్ర లేపి, చెయ్యి విదిలిస్తే తగ్గితే మణికట్టు దగ్గర నరం ఒత్తుకుంటోందని అర్థం. జగిత్యాల, కోరుట్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు, మిషన్ కుట్టేవాళ్లు, పత్తి ఏరేవాళ్లు చేతుల్ని ఇలా విదిలించుకోవడం చూస్తూనే ఉంటాం. థైరాయిడ్ తగ్గినా, కడుపుతో ఉన్నా ఇది వస్తుంది. చిటికెనవేలు వైపైతే చాలాసార్లు మోచేయి దగ్గర చూడాలి. రోజంతా గొంతుక్కూర్చుని కలుపు తీసిన మర్నాడు ఒక పాదం పైకి లేవక ఈడ్చుకుపోతుంటే, మోకాలి పక్కన నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. తొడ బయటి వైపు అరచేయంత మేర మొద్దుబారితే బెల్టు బిగుతు చూసుకోండి. నడుము నుంచి ఒకే కాలిలోకి కరెంటులా దిగితే డిస్కు సంగతి కావచ్చు.

ఇక మచ్చ. ఒంటి రంగు కంటే పాలిపోయినట్టో ఎర్రగానో ఉండి, తాకినా గిచ్చినా తెలియని మచ్చ ఉంటే, దాన్ని దాచకండి. కుష్ఠు పేరెత్తితేనే ఇంట్లో అందరి మొహాలు మాడిపోతాయి, తెలుసు. 2005 చివరికే దేశంలో నిర్మూలన లక్ష్యం చేరామని ప్రకటించినా కేసులు రావడం ఆగలేదు. పీహెచ్‌సీలో మందు ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో వాడితే తగ్గిపోతుంది. తొందరగా మొదలుపెడితే వేళ్లు వంకర పోకుండా ఆపొచ్చు.

సంచిలో ఏమేం ఉండాలి

ఇంట్లో వాడుతున్న గోలీల షీట్లన్నీ, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేయండి. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే కొందరికి బీ12 తగ్గుతుంది. గ్యాస్ గోలీలు ఏళ్ల తరబడి మింగినా అంతే. టీబీ మందుల్లోని ఐసోనియాజిడ్ వల్ల, కొన్ని క్యాన్సర్ మందుల వల్ల నరాలు దెబ్బతింటాయి. నరాల బలానికని కొనుక్కునే బిళ్లల్లో బీ6 ఎక్కువ మోతాదులో ఉంటే, నెలల తరబడి వాడినప్పుడు అదే తిమ్మిర్లు తెస్తుంది. ఇది విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు.

తాగుడు సంగతి దాచొద్దు. భార్యాపిల్లల ముందు చెప్పలేకపోతే వాళ్లను కాసేపు బయట కూర్చోమని చెప్పించండి. పత్తికి మందు కొట్టి ఎప్పుడైనా వాంతులై దవాఖానలో పడ్డారా అన్నదీ చెప్పాలి, కొన్ని పురుగుమందుల దెబ్బ రెండు మూడు వారాల తర్వాత కాళ్లలో బయటపడుతుంది.

పాత రిపోర్టులు మాత్రం అన్నింటికంటే ముఖ్యం. ఎందుకో చెబుతా.

సూది కంటే ముందు రక్తం ఇవ్వండి

చెప్పు ఊడిన మర్నాడే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి పోయాం. బలం సూది అని ఎర్రటి మందు ఇచ్చాడు. రెండు మూడు నెలల్లో అక్కడక్కడ నాలుగైదు సూదులు పడ్డాయి. ఆ తర్వాత ఒక ప్రైవేటు దవాఖానలో రక్త పరీక్ష చేస్తే బీ12 ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. "బీ12 బ్రహ్మాండంగా ఉంది, అది కాదు" అన్నారు. ఇంజెక్షన్ల గురించి వాళ్లు అడగలేదు, మేం చెప్పలేదు. ఆ ఎర్ర మందే బీ12 అని మాకు తెలిస్తే కదా! నడుముకు ఎమ్మారై తీశారు, డిస్కు కొంచెం ఉబ్బిందన్నారు, నాలుగు నెలలు బెల్టు కట్టుకుని తిరిగింది అమ్మ.

చివరికి ఒక న్యూరాలజిస్టు అమ్మ కాగితాలన్నీ టేబుల్ మీద పరిచి ఒక్కొక్కటి తిప్పాడు. అందులో రెండేళ్ల కిందట కంటి ఆపరేషన్‌కు ముందు చేయించిన సీబీపీ, అంటే రక్తకణాల పరీక్ష ఉంది. ఎంసీవీ అన్న వరస మీద పెన్ను ఆపాడు. 109. అంటే ఎర్ర కణాలు ఉండాల్సిన దానికంటే పెద్దగా ఉన్నాయి, మామూలుగా వంద దాటకూడదు. "మాంసం తింటావా అమ్మా?" అని అడిగాడు. మానేసి పదేళ్లయింది, పాలు కూడా చాయ్‌లో పడేవే. తొమ్మిదేళ్లుగా మెట్‌ఫార్మిన్. "ఈ కాగితం ఇన్నాళ్లు ఎక్కడ పెట్టారు?" అన్నాడు. ట్రంకు పెట్టెలో, చీరల కింద.

అసలు కారణం బీ12 లోపమే, ఆ ఎర్ర సూదులే దాన్ని రిపోర్టులో కప్పేశాయి. కాబట్టి మొదటి సూది పొడిపించుకోక ముందే రక్తం ఇవ్వండి. ఇప్పటికే వేయించుకుంటే ఎప్పుడు, ఎన్ని అన్నది రాసి ఇవ్వండి. బీ12 సాధారణంగా 200 కంటే తక్కువుంటే లోపం, 200కు 300కు మధ్య ఉంటే అనుమానం, అప్పుడు హోమోసిస్టీన్ లాంటి ఇంకో పరీక్ష రాస్తారు. రక్తహీనత లేకపోయినా బీ12 లోపం నరాలను తినేయగలదు. రక్తం తక్కువుందని ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగితే రిపోర్టు బాగుపడుతుంది, నరం దెబ్బ మాత్రం ముదురుతుంది.

ఎవరి దగ్గరికి, ఏ పరీక్షలకు

తిన్నగా పెద్ద డాక్టరు దగ్గరికే పోనక్కర్లేదు. పీహెచ్‌సీ, బస్తీ దవాఖాన, లేదా మంచి జనరల్ ఫిజీషియన్ చాలు. మొదటి విడత పరీక్షలు అవే ఉంటాయి: సీబీపీ, తినక ముందు తిన్న తర్వాత షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, కిడ్నీకి క్రియాటినిన్, బీ12. హెచ్‌బీఏ1సీ 6.5 అంతకు మించితే షుగర్ ఉన్నట్టు, 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే అంచున ఉన్నట్టు. సర్కారు దవాఖానలో రాయించుకుంటే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా చాలా పరీక్షలు ఉచితంగానే అవుతాయి. ఏవి చేస్తారో అక్కడే అడగండి.

వరంగల్‌లో ఎంజీఎం, దానికి అనుబంధంగా కాకతీయ మెడికల్ కాలేజీ ఆవరణలోని సూపర్ స్పెషాలిటీ దవాఖాన ఉన్నాయి. న్యూరాలజీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందే కనుక్కోండి, లేకపోతే ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వచ్చి ఉత్త చేతులతో తిరిగిపోవాలి. అక్కడ తేలకపోతే హైదరాబాద్‌లో నిమ్స్, గాంధీ, ఉస్మానియా.

డాక్టరు చెప్పులు విప్పించి పాదం తాకి చూశాడా లేదా అన్నది గమనించండి. మోకాలి కింద సుత్తితో కొట్టి, కంపించే ట్యూనింగ్ ఫోర్క్ బొటనవేలి ఎముక మీద పెట్టి, కళ్లు మూయించి వేలు పైకుందా కిందికుందా అని అడగాలి. ఇవేవీ చేయకుండా ఎమ్మారై చిట్టీ రాస్తే నేనైతే ఇంకొకరి దగ్గరికి పోతాను. ఏ నొప్పీ లేనివాళ్ల నడుము స్కాన్ తీసినా చాలామందికి డిస్కు ఉబ్బు కనబడుతుంది.

నర్వ్ కండక్షన్ టెస్టులో చర్మం మీద చిన్న చిన్న షాకులు ఇచ్చి నరంలో కరెంటు ఎంత వేగంగా పోతుందో చూస్తారు. చిటుక్కుమంటుంది, అంతే. ఆ రోజు కాళ్లకు చేతులకు నూనె రాసుకోవద్దు, పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి. ఇది నార్మల్ వచ్చినంత మాత్రాన మీకేమీ లేదని కాదు. మంట, నొప్పి మోసే సన్న నరాలు ఈ పరీక్షకు దొరకవు. "అంతా మీ టెన్షన్" అని పంపిస్తే ఈ సన్న నరాల సంగతి అడగండి.

అన్నీ చేసినా కొందరికి కారణం దొరకదు. అప్పుడు ఆరు నెలలకోసారి కొత్త బొమ్మ గీసి, పాతదాని పక్కన పెట్టి చూపించండి. ఈలోగా వేడినీళ్ల కాపడం వద్దు, స్పర్శ లేని కాలు కాలినా తెలియదు. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి, వంగలేకపోతే కింద అద్దం పెట్టుకుని.

అమ్మకు బీ12 సూదులు ఈసారి లెక్క ప్రకారం పడ్డాయి. షుగర్ పాత్రా కొంత ఉండొచ్చన్నాడు డాక్టరు. మొదటి రోజు స్పర్శ ఎక్కడ మొదలవుతుందో చూసి, పిక్క మధ్యలో బాల్‌పెన్‌తో ఒక గీత గీశాడు. నేను ఫోన్లో ఫొటో తీసుకున్నా. మొదటి కొన్ని వారాలు తిమ్మిర్లు తగ్గకపోగా పెరిగాయి, అలా కావచ్చని ముందే చెప్పాడు కాబట్టి భయపడలేదు. ఏడు నెలలకు ఆ గీత చీలమండకు రెండు వేళ్ల పైకి దిగింది. వేళ్లకు మాత్రం ఇంకా తెలియదు. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనిచ్చాను. అయినా బస్సు దిగగానే ఒకసారి కిందికి చూసుకుంటుంది.