వానలు పడకముందే: పాత టీవీ కార్టూన్ల సెల్ షీట్లు దాచుకున్నవారికి జాగ్రత్తలు

ఇటీవలి గాలివానకు కర్నూలు పాతబస్తీలో ఒక ఇంటి మిద్దె కారి, బీరువా మీద ఉంచిన అట్టపెట్టె తడిసింది. 1980లలో దూరదర్శన్ కోసం తయారైన కార్టూన్లకు ముంబయి స్టూడియోలో రంగులు వేసిన ఒక పెద్దాయన దాచుకున్న సెల్ షీట్లు (కార్టూనులోని ఒక్కో బొమ్మను గీసి రంగు వేసిన పారదర్శక ప్లాస్టిక్ రేకులు), మోడల్ షీట్లు (పాత్ర ఎలా ఉండాలో చూపే నమూనా బొమ్మలు), స్టోరీబోర్డు కాగితాలు (కథను వరుస బొమ్మలుగా గీసినవి) ఆ పెట్టెలో ఉన్నాయి. నీళ్లు చేసిన నష్టం నిజానికి కొంచెమే. ఇంట్లోవాళ్లు కంగారుపడి, షీట్లు ఎండేలోగా విడదీయాలని గోటితో అంచు లేపి ఒక్కొక్కటే లాగడంతో, పైషీటు వెనుక ఉన్న రంగంతా కిందిషీటు ముఖానికి అంటుకుని ఊడివచ్చింది. అలా ఊడిన రంగును మళ్లీ యథాస్థానంలో పెట్టగలిగినవారు మన జిల్లాలలో ఎవరూ లేరు.

దుమ్ము పడకుండా చూడండి, ఎండలో పెట్టకండి వంటి మాటలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. కడపలోనైనా అనంతపురంలోనైనా, ఇలాంటి సామగ్రి పాడైపోయిన ఇళ్లలో నేను ఎక్కువగా చూసిన కారణం ఒక్కటే. అతుక్కున్న షీట్లను చేత్తో లాగారు. ఈ వ్యాసంలో ఇంకేది మరచిపోయినా ఫరవాలేదు, ఈ ఒక్కటి మరవకండి: అతుక్కున్నదాన్ని లాగవద్దు.

ఎందుకు లాగకూడదో తెలియాలంటే సెల్ షీటు ఎలా తయారవుతుందో తెలియాలి. అది సెల్యులోజ్ ఎసిటేట్ అనే పారదర్శకమైన పల్చని ప్లాస్టిక్ రేకు. బొమ్మ గీత ముందువైపు ఉంటుంది. ఆ గీతను మొదట్లో చేత్తో ఇంకుతో గీసేవారు, 1960ల నుంచి చాలా స్టూడియోలు జిరాక్స్ పద్ధతిలో దించాయి. రంగు మాత్రం వెనుకవైపు వేస్తారు, కనుక ముందునుంచి చూసినప్పుడు కుంచె చారలు కనబడవు. ఎసిటేటు నున్నని పదార్థం కావడం వల్ల రంగు కాగితంలోకి ఇంకినట్టు దానిలోకి ఇంకదు, పైన పొరగా నిలుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ పైకి తేలి, రంగుకూ రేకుకూ మధ్య పట్టును మరింత సడలిస్తుంది. రంగులో కలిపిన బంక తేమ తగలగానే మెత్తబడి జిగురవుతుంది. అలా మెత్తబడిన రంగు తన సొంత షీటును పట్టుకున్నదానికంటే కింద ఉన్న షీటును గట్టిగా పట్టుకుంటుంది. ఆ స్థితిలో లాగితే రంగు ఎటు పోతుందో చెప్పనక్కరలేదు.

రోహిణి కార్తె: ఎండ, కూలరు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరకే అనలేదు. కర్నూలు, అనంతపురం ప్రాంతాలలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ బాగా పడిపోతుంది. ఆ పొడివేడికి రంగు ముడుచుకుని సన్నని పగుళ్లు తీస్తుంది, పెచ్చులు లేస్తుంది. ఆ తర్వాత తొలకరితో తేమ ఒక్కసారిగా పెరిగి అదే రంగు జిగురవుతుంది. ఎండిపోవడం ఒక దెబ్బ, వెంటనే ఉబ్బడం మరొక దెబ్బ. ఎండాకాలం నుంచి వానాకాలానికి మారే ఈ కొన్ని వారాలే ఏడాదంతటిలోకీ ప్రమాదకరమైనవి.

ఆ మార్పును మనం ఇంట్లోనే ముందుగా తెచ్చిపెట్టుకుంటున్నాం, అదీ కూలరుతో. నీళ్లతో తడిసిన గడ్డిలోనుంచి గాలిని తోసే ఈ కూలర్లు గదిని చల్లబరుస్తూనే తేమతో నింపుతాయి. తలుపులు మూసిన గదిలో రాత్రంతా కూలరు నడిస్తే తెల్లారేసరికి అక్కడ మే నెలలోనే వానాకాలం ఉంటుంది. సెల్ షీట్లున్న గదిలో కూలరు పెట్టకండి. ఏసీ ఉన్నా, రాత్రి వేసి పగలు ఆపే గది కంటే రోజంతా ఒకే తీరుగా ఉండే గదే మేలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండడం మంచిది. తేమను చూపే చిన్న మీటరు ఖరీదైనదేమీ కాదు, ఒకటి కొని పెట్టె పక్కనే ఉంచండి.

లాస్ ఏంజిలిస్‌లోని గెట్టీ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్, డిస్నీ యానిమేషన్ రీసర్చ్ లైబ్రరీతో కలిసి చేసిన పరిశోధనలో, ఊడుతున్న రంగును తగినంత తేమలో మెత్తబరచి తిరిగి షీటుకు అంటేలా చేయవచ్చని తేలింది. ఈ సంగతి విని తడిగుడ్డ దగ్గరా, కూలరు ముందరా షీట్లు పెట్టి చూసినవారున్నారు. అది తేమను కొలిచి నియంత్రించే ప్రయోగశాలలో, రంగు రసాయనం తెలిసినవారు చేసే పని. ఇంట్లో అదే ప్రయత్నం చేస్తే షీట్లు అతుక్కుంటాయి, అతుక్కున్నవాటిని మళ్లీ ఎవరో ఒకరు లాగుతారు.

ఎక్కడ పెట్టాలి

మిద్దె కింద అటక మీద పెట్టకండి, ఎండాకాలంలో ఇంట్లో అన్నిటికంటే వేడెక్కే చోటు అదే, వానాకాలంలో మొదట కారేదీ అదే. అలాగని నేలమీదా పెట్టకండి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచినప్పుడు కింది అంతస్తులో ఉన్న కాగితాలూ ఫోటోలూ బురదలో కలిసిపోయాయి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది గ్రామాల మీద పడినప్పుడు మనుషులు ప్రాణాలు కాపాడుకోవడమే కష్టమైంది, పెట్టెల సంగతి ఎవరు చూడగలరు? రెండంతస్తుల ఇల్లయితే కింద కాక, పైకప్పుకు ఆనుకుని కాక, మొదటి అంతస్తులో లోపలి గోడ దగ్గర ఇనుప ర్యాకు మీద మధ్య అరలో పెట్టండి. బయటి గోడకు ఆనించకండి: వానకు గోడ చెమ్మగిల్లుతుంది, చెదలు గోడ వెంబడే ఎక్కుతాయి.

ఎసిటేటు విషయంలో వాసన ఒక హెచ్చరిక. పెట్టె తెరవగానే వెనిగర్ వాసన ఘాటుగా తగిలితే ఆ ప్లాస్టిక్ కుళ్లడం మొదలైందని అర్థం. దానిలోనుంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లమే ఆ కుళ్లును ఇంకా వేగిరపరుస్తుంది, పక్కనున్న మంచి షీట్లకూ సోకుతుంది. షీటు కుంచించుకుపోయి అలలు తేలుతుంది, దాని మీది రంగు ఆ కుంచింపును తట్టుకోలేక పగులుతుంది. 21 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గదిలో కొత్త ఎసిటేటు ఫిల్ముకు ఈ దశ మొదలవడానికి సుమారు 40 ఏళ్లు పడుతుందని అమెరికాలో రోచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్కగట్టింది. మన ఎండలకు ఆ గడువు ఎంతగా తరుగుతుందో ఊహించుకోండి. ఆ సంస్థ తయారుచేసిన ఏ-డి స్ట్రిప్ అనే నీలం కాగితపు ముక్కను పెట్టెలో ఉంచితే, ఆమ్లం పెరిగినకొద్దీ అది ఆకుపచ్చగా, ఆపైన పసుపుగా మారుతుంది. మారితే ఆ షీట్లను వేరే పెట్టెలోకి, వీలైతే వేరే గదిలోకి మార్చండి. మార్చేటప్పుడు అతుక్కున్నవి కనిపిస్తే జతగా ఉన్నవాటిని జతగానే మార్చండి; విడదీయాలన్న ఆలోచనే వద్దు.

వాసన వస్తోంది కదా అని గాలి చొరబడని డబ్బాలోనో, జిప్ కవరులోనో బిగించడం అంతకంటే పెద్ద తప్పు. ఆమ్లం బయటికి పోయే దారి లేక లోపలే పేరుకుంటుంది.

కాగితాల సంగతి

షీట్ల మీద చూపే శ్రద్ధ కాగితాల మీద చూపనివారే ఎక్కువ. కార్టూను ఎలా తయారైందో చెప్పేవి మాత్రం కాగితాలే. నీలి పెన్సిలుతో వేసిన చిత్తు బొమ్మలు, లేఔట్లు (సన్నివేశంలో ఏది ఎక్కడ ఉండాలో చూపే బొమ్మలు), ఏ ఫ్రేములో ఏ బొమ్మ ఏ పొరలో రావాలో వరుసకు ఒక ఫ్రేము చొప్పున రాసిన ఎక్స్‌పోజర్ షీట్లు లేకపోతే, సెల్ షీటు విడిగా ఒక అందమైన బొమ్మగా మాత్రమే మిగులుతుంది. 1957లో మొదలైన అమెరికా కార్టూన్ స్టూడియో హాన్నా-బార్బెరా వంటి సంస్థలు టీవీ ఖర్చుకు తగ్గట్టు, పాత్ర ఒంటిని ఒక షీటు మీద కదలకుండా ఉంచి తలను, నోటిని వేరే షీట్ల మీద మార్చే పద్ధతిని విస్తృతంగా వాడాయి. ఆ పద్ధతే తర్వాత లోకమంతటా టీవీ కార్టూన్లకు అలవాటయింది. అందుచేత నోరు మాత్రమే ఉన్న షీటు, చేయి మాత్రమే ఉన్న షీటు మీ పెట్టెలో కనబడవచ్చు. అది చిరిగిన ముక్క కాదు, పనికిరానిదీ కాదు. ఒక పెద్దింట్లో అలాంటివన్నీ చెత్త అనుకుని పారవేశారని తెలిసి నాకు చాలా బాధ కలిగింది.

షీటు మూలన ఉన్న అక్షరం, అంకె ఎక్స్‌పోజర్ షీటులోని వరుసకు చెందినవి. అంచున మధ్యలో ఒక గుండ్రని రంధ్రం, దానికి రెండువైపులా రెండు పొడవాటి రంధ్రాలు ఉంటాయి. బొమ్మలన్నీ ఒకదానిపై ఒకటి కచ్చితంగా కుదరడానికి పెగ్గులకు తగిలించే రంధ్రాలవి. ఫ్రేములో పట్టడం లేదని ఆ అంచును కత్తిరించకండి.

బ్యాక్‌గ్రౌండ్ బొమ్మలు చాలావరకు నీటిలో కరిగే పోస్టరు రంగులతో వేసినవి కాబట్టి తడిగుడ్డతో తుడవకూడదు, పొడి మెత్తని కుంచె చాలు. మోడల్ షీట్ల జిరాక్స్ ప్రతులను పీవీసీ ప్లాస్టిక్ ఫైళ్లలో పెట్టవద్దు. ఆఫీసు ఫైలులో అక్షరాలు కవరుకు అంటుకుని రావడం మీరు చూసే ఉంటారు, సెల్ షీటు మీది జిరాక్స్ గీతకూ అదే గతి పడుతుంది.

ఇక మిగిలినవి వరుసగా చెబుతున్నాను. కొన్నిటికి కారణం చెబుతాను, కొన్నిటికి చెప్పను, అన్నిటినీ పాటించండి.

లామినేషన్ చేయించకండి. సర్టిఫికెట్లకు చేయించినట్టు సెల్ షీటును ఆ వేడి రోలరులో పెడితే అది తిరిగి సెల్ షీటు కాదు.

కలరా ఉండలు వేయకండి. ఆ ఆవిరి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

షీట్ల మధ్య వార్తాపత్రిక పెట్టకండి. బటర్ పేపరు కూడా వద్దు, తేమకు అదే అతుక్కుంటుంది. సిలికాన్ పూత ఉన్న రిలీజ్ పేపరు తెప్పించి రంగు ఉన్న వైపు ఆనేలా పెట్టండి.

షీట్లను నిలువుగా పేర్చకండి. పడుకోబెట్టండి, పెట్టెకు పదో పన్నెండో చాలు, పైన బరువు పెట్టకండి.

రబ్బరు బ్యాండ్లు, గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తీసివేయండి. అయితే పిన్ను తీయబోతే కాగితం చిరిగేటట్టుంటే అలాగే వదిలేయండి.

సెల్లోటేపు వేయకండి, పాతదాన్ని పీకకండి.

ఫ్రిజ్‌లో పెట్టకండి.

సిలికా జెల్ సంచులు పెట్టెలో గుమ్మరించకండి. అతిగా ఎండినా రంగు పగులుతుంది.

ఫ్రేము కట్టించేవారికి అద్దం బొమ్మను తాకకూడదని ముందే గట్టిగా చెప్పండి, మధ్యలో మందపు అట్ట చట్రం పెట్టించండి. ఆ ఫ్రేమును పడమటి గోడకు తగిలించకండి.

జిరాక్సు షాపుకు పంపకండి. ఆటో ఫీడరులో పెట్టకండి. స్కానరు మూతతో నొక్కకండి. అద్దం లేకుండా పైనుంచి కెమెరాతో, రెండు పక్కల నుంచి వెలుగు పడేలా, ముందువైపూ వెనుకవైపూ ఫోటో తీయండి. పెగ్గు రంధ్రాలూ మూలన ఉన్న అంకే ఫోటోలో కనబడాలి. ఈ పని వానలు మొదలుకాకముందే పూర్తి చేయండి.

వీడియో టేపులు, ఆడియో స్పూళ్లు తడిస్తే ఆడించి చూడకండి. ఒక్కసారి తిప్పినా అయస్కాంత పూత ఊడిపోవచ్చు.

పెట్టె తడిస్తే ఎండలో ఆరబెట్టకండి. హెయిర్ డ్రయ్యరు పట్టకండి, ఇస్త్రీ పెట్టె దగ్గరికే రానివ్వకండి. కాగితాలను విడిగా తీసి బ్లాటింగ్ పేపర్ల మధ్య మారుస్తూ రెండు రోజుల్లోగా ఆరనివ్వండి, ఆలస్యమైతే బూజు పడుతుంది. సెల్ షీట్ల కట్టను మాత్రం అలాగే సమతలంగా పెట్టి, చుట్టూ ఉన్న నీటిని అద్ది తీసేసి, నేరుగా కాక దూరం నుంచి ఫ్యాను గాలి తగిలేలా వదిలేయండి. ఆరాక అవి ఒక్క ముద్దగా ఉంటే ఉండనివ్వండి. లాగకండి. అంచు ఒకటి లేచి ఉన్నా, ఇది సులువుగా వచ్చేటట్టుందని అనిపించినా లాగకండి. ముద్దగా ఉన్న షీట్లలో రంగు ఇంకా ఉంటుంది, నిపుణుల చేతికి చేరేదాకా అది పోదు. లాగిన షీట్లలో అది ఉండదు.

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో, లక్నోలోని జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ ప్రయోగశాలలో ఈ శాస్త్రం తెలిసినవారు ఉన్నారు. ముందుగా ఫోటోలు పంపి, ప్లాస్టిక్ మీద వేసిన రంగు అని స్పష్టంగా రాసి సలహా అడగండి. వాళ్లు తెమ్మంటేనే తీసుకువెళ్లండి. కట్టను రెండు గట్టి అట్టల మధ్య పెట్టి నాడాతో వదులుగా కట్టండి. కారు డిక్కీలో పెట్టకండి, బస్సు లగేజీలో వేయకండి. మనిషి పక్క సీటులో పడుకోబెట్టి, తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదరకముందే చేర్చండి.