నోటిలో, గొంతులో డిఫ్తీరియా: గుర్తించడం, వెంటనే చేయవలసినవి

జ్వరం స్వల్పంగానే ఉన్నా గొంతు నొప్పితో మింగడం కష్టమవుతున్నప్పుడు, రోగిచేత నోరు బాగా తెరిపించి, టార్చి వెలుగులో టాన్సిళ్లను, కొండనాలుకను, అంగిలి వెనుక భాగాన్ని పరిశీలించాలి. మామూలు టాన్సిల్ వాపులో కనిపించే తెల్లని చుక్కలు వేరు. డిఫ్తీరియాలో బూడిద రంగు పొర మందంగా, గట్టిగా అతుక్కుని ఉంటుంది. దానిని దూదితోగాని చెంచాతోగాని గీకి తీయడానికి ఎట్టి పరిస్థితిలోనూ ప్రయత్నించకూడదు, అడుగున రక్తం కారుతుంది. ఉప్పునీటి పుక్కిలింతలతో కాలయాపన చేయడమూ తగదు.

మెడ ఉబ్బినా, ఊపిరి తీసుకునేటప్పుడు శబ్దం వచ్చినా, నోరు తెరిపించే ప్రయత్నం మాని తక్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. నిజానికి పొర ఒక్కటే ప్రమాదం కాదు. ఈ వ్యాధిని కలిగించే బ్యాక్టీరియా విడుదల చేసే విషం రక్తంలో కలిసి గుండె కండరాన్ని, నరాలను దెబ్బతీస్తుంది. కణాలలోకి చేరిపోయిన విషాన్ని యాంటీటాక్సిన్ (ఆ విషానికి విరుగుడు మందు) విరిచివేయలేదు కనుక, బలమైన అనుమానం ఉంటే వైద్యులు పరీక్ష ఫలితం కోసం ఆగకుండానే దానిని ఇస్తారు. యాంటీబయాటిక్ మందులైన పెన్సిలిన్ లేదా ఎరిత్రోమైసిన్‌ను సాధారణంగా 14 రోజులు వాడతారు.

రోగిని వేరుగా ఉంచి, ఇంట్లోని వారందరినీ, లక్షణాలు లేకున్నా సరే, వైద్యునికి చూపించాలి. వ్యాధి వచ్చి తగ్గినంత మాత్రాన రోగనిరోధక శక్తి తప్పక ఏర్పడుతుందని చెప్పలేము కాబట్టి, కోలుకున్నాక టీకా కూడా వేయించాలి.