థైరాయిడ్ గడ్డ స్కానింగ్ రిపోర్టులో ముందు ఏం చూడాలి

మెడ స్కానింగ్‌లో "నాడ్యూల్" (థైరాయిడ్‌లో గడ్డ) అని రాగానే అందరూ సైజు చూసి టెన్షన్ పడతారు. సైజు తర్వాత సంగతి. ముందు ఆ గడ్డ ఎలా కనబడుతోందో చూడాలి. 3 సెంటీమీటర్ల గడ్డని వదిలేయొచ్చు, 1 సెంటీమీటరు దానికి సూది పరీక్ష (సూదితో కణాలు తీసి చూడటం) అవసరం కావచ్చు.

రిపోర్టు చివర్లో టైరాడ్స్ నంబరు ఉంటుంది, అంటే గడ్డ కనబడే తీరుకి పాయింట్లేసి అనుమానం ఎంతో చెప్పే లెక్క (టీఆర్ అని రాస్తారు). అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ వాళ్లు 2017లో ఇచ్చిన పద్ధతి గురించే నేను చెబుతున్నాను. యూరప్ వాళ్లది, కొరియా వాళ్లది వేరేగా ఉంటాయి కాబట్టి మీ రిపోర్టులో ఏది వాడారో రాయకపోతే అడగండి.

గడ్డ లోపల అంతా నీరే ఉన్నా, స్పాంజిలా చిన్న చిన్న గదులున్నా సున్నా పాయింట్లు, అక్కడితో లెక్క అయిపోయినట్టే. కొంత నీరు కొంత గట్టిగా ఉంటే 1, మొత్తం గట్టిగా ఉంటే 2. తర్వాత రంగు: చుట్టూ ఉన్న థైరాయిడ్‌లాగే ఉన్నా, తెల్లగా ఉన్నా 1, దానికన్నా నల్లగా ఉంటే (రిపోర్టులో హైపోఎకోయిక్ అంటారు) 2, మెడ కండరాల కన్నా నల్లగా ఉంటే 3. అంచు వంకరటింకరగా ఉంటే 2, థైరాయిడ్ దాటి బయటికి పాకితే 3. అంచు మసకగా ఉంటే మాత్రం పాయింట్లేమీ లేవు, చాలామంది ఇక్కడే అనవసరంగా భయపడతారు.

మిగిలిన రెండూ జాగ్రత్తగా చూడండి. మెడని అడ్డంగా తీసిన చిత్రంలో గడ్డ వెడల్పు కన్నా లోతు ఎక్కువుంటే ఒకేసారి 3 పాయింట్లు. సన్నటి తెల్ల చుక్కలుంటే మరో 3. కాల్షియం పెద్ద ముక్కగా ఉంటే 1, అంచు చుట్టూ గీతలా ఉంటే 2 మాత్రమే, అందుకే ఉత్త "కాల్సిఫికేషన్" అని రాసి వదిలేస్తే ఎలాంటిదో అడగాల్సిందే.

మొత్తం 3 వస్తే టీఆర్3, 4 నుంచి 6 దాకా టీఆర్4, 7 ఆపైన టీఆర్5. సైజు పని ఇప్పుడు మొదలవుతుంది: టీఆర్3కి 2.5, టీఆర్4కి 1.5, టీఆర్5కి 1 సెంటీమీటరు, లేదా ఆపైన ఉంటే సూది పరీక్ష. ఉదాహరణకి 1.2 సెంటీమీటర్ల గట్టి నల్లటి గడ్డకి 2+2, అంటే టీఆర్4, ఏడాదికి మళ్లీ స్కాన్ చేస్తే చాలు. అదే గడ్డలో సన్న చుక్కలు కూడా ఉంటే 7 అవుతుంది, సూది పరీక్షకి వెళ్లాలి. అప్పుడు కూడా క్యాన్సరని తేలినట్టు కాదు, టీఆర్5లో సుమారు మూడోవంతు మందికే ఉంటుంది.

టీఎస్‌హెచ్ రక్త పరీక్ష (థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పేది), మెడలో లింఫ్ గ్రంథుల సంగతి కూడా డాక్టరుతో మాట్లాడండి. చిన్నప్పుడు మెడకి రేడియేషన్ ఇచ్చి ఉన్నా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినా అడక్కముందే చెప్పండి, ఈ పాయింట్లలో అవేవీ ఉండవు.

మళ్లీ స్కాన్‌కి వెళ్లేటప్పుడు పాత రిపోర్టుతో పాటు ఫిల్ములు కూడా తీసుకెళ్లండి. 1.2 కాస్తా 1.3 అయినంత మాత్రాన పెరిగిందని కాదు, కనీసం రెండు కొలతల్లో 20 శాతం, 2 మిల్లీమీటర్లకి తగ్గకుండా పెరిగితేనో, మొత్తం ఘనపరిమాణం 50 శాతం పెరిగితేనో లెక్క.