యూనివర్సిటీ మొత్తానికి ఒకే లోగో, ఒకే మాట తేవడం ఎలా?

ముందు తేలిక పనులు గబగబా కానిచ్చేద్దాం. లోగో ఫైళ్ళన్నీ ఒక్క చోట పెట్టండి, ప్రింట్‌కి వెక్టర్ ఫైల్ (ఎంత పెద్దది చేసినా మసకబారనిది), వెబ్‌కి ఎస్‌వీజీ, పీఎన్‌జీ ఫైళ్ళు, రంగుల కోడ్‌లు ప్రింట్‌కి సీఎంవైకే, స్క్రీన్‌కి ఆర్‌జీబీ రెండూ. వాట్సాప్‌లో లోగో ఫోటో పంపేవాళ్ళని నేనైతే క్షమించను, నాలుగు ఫోన్లు మారేసరికి అది మసకబారిపోయి పెద్ద బ్యానర్ మీద గళ్ళు గళ్ళుగా కనబడుతుంది.

సీల్ (యూనివర్సిటీ అధికార ముద్ర) వేరు, లోగో వేరు. సీల్ పట్టాల మీదా అధికారిక పత్రాల మీదే ఉండాలి, టీషర్టుల మీద కాదు. ఫాంట్‌లు రెండే, మూడోది అడిగితే లేదనండి. వెబ్‌లో మామూలు సైజు అక్షరాలకి వెనక రంగుతో కాంట్రాస్ట్ (రెండు రంగుల వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి, లేత పసుపు మీద తెల్లక్షరాలు ఎంత ముద్దొచ్చినా వద్దు.

ఇక అసలు తలనొప్పి, డిపార్ట్‌మెంట్ల చేత సొంత లోగోలు మాన్పించడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఫలానా తేదీ నుంచి పాత లోగోలు వాడరాదని సర్క్యులర్ పంపేసి పనైపోయిందనుకుంటారు, దాన్ని సగం మంది చదవరు, చదివినవాళ్ళు మనసులో పెట్టుకుంటారు. నేనూ ఓసారి మీటింగులో ఒక డిపార్ట్‌మెంట్ లోగో చూసి, ఫ్లాస్కు, దాని చుట్టూ పళ్ళ చక్రం, కింద రిబ్బన్, ఆపుకోలేక నవ్వేశా. తీరా చూస్తే అది గీసింది ఎదురుగా కూర్చున్న హెచ్ఓడీ గారే, పీహెచ్‌డీ చేసే రోజుల్లో. ఆ తర్వాత రెండేళ్ళు వాళ్ళ బ్రోచర్ ఒక్కటి కూడా మా గడప తొక్కలేదు.

అందుకే సర్క్యులర్ కంటే ముందు మీరే ఒక్కొక్కరి గదికీ వెళ్ళండి. వాళ్ళ పాత బ్రోచర్, పక్కన వాళ్ళ పేరుతోనే కొత్తది, రెండూ కాగితం మీద, లాప్‌టాప్‌లో చూపిస్తే లెక్కకి రాదు. యూనివర్సిటీ లోగో, ఒక నిలువు గీత, పక్కన డిపార్ట్‌మెంట్ పేరు, దీన్నే లాకప్ అంటారు. వాళ్ళు మొట్టమొదట చూసేది తమ పేరు ఎంత సైజులో ఉందనే, అక్కడ పిసినారితనం చేశారో అంతే. పాత లెటర్‌హెడ్లు అయిపోయేదాకా గడువివ్వండి, ఏం పోతుంది.

లోగో మారుస్తూ ఏం మారట్లేదో కూడా చెప్పాలి. 2012లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కొత్త లోగో తెస్తే పాత సీల్ తీసేస్తున్నారని జనం అనుకున్నారు, నిజానికి సీల్ ఎక్కడికీ పోలేదు, అయినా 50 వేల మందికి పైగా పిటిషన్ మీద సంతకాలు పెట్టారు, ఆ డిసెంబర్‌లోనే లోగోని పక్కన పెట్టేశారు. బొమ్మ బాగోలేదన్న గొడవకి ఈ అపోహ తోడైంది.

మిగతావి చిన్నవే. ఈ పనులు చూసుకోడానికి డిపార్ట్‌మెంట్‌కి ఒక మనిషి, ప్రకటనలకి అందరికీ కలిపి ఒకే క్యాలెండర్, ఏదైనా గొడవైతే మీడియాతో ఒక్కరే మాట్లాడాలి. పీపీటీ టెంప్లేట్‌కి మాత్రం లాగిన్ పెట్టకండి, పాస్‌వర్డ్ అడిగిందంటే చాలు, రేపు పొద్దున క్లాసున్న ప్రొఫెసర్ గారు గూగుల్‌లో దొరికిన పాత లోగోనే అతికించేసుకుంటారు.