బీరు నచ్చనివాళ్లకూ నచ్చే బీరును ఇంట్లో చేయడం ఎలా?

"నాకు బీరు పడదు" అనే మనిషిని కాస్త కదిపితే, పడనిది ఏమిటో బయటికొస్తుంది. ఎక్కువమందికి చేదు. అది వచ్చేది హాప్స్ పూల నుంచి. దాన్ని ఐబీయూ అనే అంకెతో లెక్కగడతారు. చేదు ఎక్కువగా ఉండే ఐపీఏ అనే బీరు రకాల్లో ఇది 40 నుంచి 70 దాకా ఉంటే, బెల్జియం గోధుమ బీరైన విట్‌బీర్‌లో మామూలుగా 20 దాటదు. ధనియాలు, నారింజ తొక్క వేసి కాచే ఆ బీరునే ఇక్కడ 12 ఐబీయూ దగ్గర చేస్తున్నాం.

తియ్యగా ఉంటే తాగుతారులే అని చక్కెరో పండ్ల రసమో పోస్తే పని చెడుతుంది. బీరును పులియబెట్టే ఈస్ట్ ఆ తీపినంతా తినేసి ఆల్కహాల్ చేస్తుంది. బీరు పల్చబడి ఘాటెక్కుతుంది. చేదు తగ్గితే మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) తీపి దానంతటదే పైకి తేలుతుంది. ఇంకా కావాలంటే పాలలో ఉండే చక్కెర లాక్టోజ్ 250 గ్రాములు వేయొచ్చు, బీరు ఈస్ట్ దాన్ని తినలేదు. పాలు అరగనివాళ్లకు మాత్రం ముందే చెప్పాలి.

10 లీటర్లకు కావలసినవి

- గోధుమ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పొడి: 1.2 కిలోలు
- 4 శాతం ఆల్ఫా ఆమ్లం (చేదునిచ్చే పదార్థం) ఉన్న హాప్స్: 12 గ్రాములు (సాజ్ లాంటి మెత్తని రకం)
- ధనియాలు: 10 గ్రాములు
- నారింజలు: 2, పై తొక్క మాత్రమే
- విట్‌బీర్ పొడి ఈస్ట్: 5–6 గ్రాములు
- సామాన్లు: 10 లీటర్ల గిన్నె, ఎయిర్‌లాక్ (గ్యాస్‌ను బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని బిరడా) ఉన్న 15 లీటర్ల బకెట్, థర్మామీటర్, హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రతను కొలిచేది), కడగక్కర్లేని శానిటైజర్

ఇంట్లో బీరు కాయడానికి చట్టం ఒప్పుకోని చోట్లున్నాయి. ఒప్పుకున్నచోటా ఇంతే చేయాలన్న హద్దు ఉండొచ్చు, ముందే చూసుకోండి.

కాచడం

నీళ్లలో క్లోరిన్ ఉంటే బీరుకు మందుల వాసన పడుతుంది. విట్‌బీర్ ఈస్ట్ లవంగంలాంటి ఘాటునిచ్చే ఫినాల్స్‌ను తయారుచేస్తుంది, క్లోరిన్ వాటితో కలవడమే కారణం. అందుకే వాడే నీళ్లన్నీ ముందురోజే మరిగించి చల్లార్చండి. నీటి సరఫరాలో క్లోరిన్‌కు బదులు క్లోరమిన్ అనే రసాయనం కలిపేచోట మరిగించినా అది పోదు. అక్కడ క్యాంప్డెన్ బిళ్లలో (బీరు, వైన్ తయారీలో వాడే సల్ఫైట్ బిళ్ల) పావు ముక్క వేస్తే సరిపోతుంది.

6 లీటర్ల నీళ్లు వేడిచేసి, మంట తీసేసి 600 గ్రాముల మాల్ట్ పొడి కలపండి. మంట మీదే పోస్తే అడుగంటుతుంది. మళ్లీ మరిగేటప్పుడు నురగ ఒక్కసారిగా పొంగుతుంది, పక్కకు కదలొద్దు. నురగ అణిగాక హాప్స్ వేసి 60 నిమిషాలు మరగనివ్వండి. 50వ నిమిషంలో మిగతా మాల్ట్ పొడి వేయాలి, లాక్టోజ్ వాడితే అదీ అప్పుడే. మొత్తం మాల్ట్ మొదట్లోనే పోస్తే ద్రవం చిక్కబడి హాప్స్ సారం సరిగ్గా దిగదు, రంగూ ముదురుతుంది.

55వ నిమిషంలో కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు, నారింజ తొక్క వేయండి. తొక్క కింది తెల్లపొర ఒక్క ముక్క కూడా వద్దు. తప్పించుకోవాలనుకున్న చేదు అందులోంచే మళ్లీ వచ్చేస్తుంది.

చల్లార్చడం, పులియబెట్టడం

మంట ఆపిన క్షణం నుంచి బీరును తాకే ప్రతి వస్తువూ శానిటైజర్‌లో మునిగి రావాలి. జిడ్డుమీద శానిటైజర్ పనిచేయదు కాబట్టి ముందు శుభ్రంగా తోమాలి. బీరు పుల్లబడిందంటే మొదట అనుమానించాల్సింది ఈ దశనే.

గిన్నెను ఐసునీళ్ల తొట్టిలో పెట్టి 20 డిగ్రీల సెల్సియస్‌కు దించండి. బకెట్‌లోకి వడపోసి, చల్లార్చిన నీళ్లతో 10 లీటర్లు చేయండి. లాక్టోజ్ వేయకపోతే హైడ్రోమీటర్ 1.044 దగ్గర చూపాలి. ఈస్ట్‌కు ఆక్సిజన్ కావాలి కనుక బకెట్‌ను రెండు నిమిషాలు బాగా కుదిపి, ఈస్ట్ చల్లి మూత పెట్టండి. ఇక్కణ్నుంచి గాలి శత్రువే, తగిలితే బీరు తడి అట్టముక్క రుచికొస్తుంది.

18–22 డిగ్రీల మధ్య, చీకటిగా ఉన్నచోట 10–14 రోజులు ఉంచండి. 25 దాటితే గొంతు మండించే ఘాటైన ఆల్కహాల్‌లు పుడతాయి. బీరంటే ఇష్టం లేనివాళ్లు మొదట గుర్తుపట్టేది అదే. బుడగలు ఆగినంత మాత్రాన పులియడం అయిపోయినట్టు కాదు. రెండు రోజుల తేడాతో కొలిస్తే హైడ్రోమీటర్ ఒకే అంకె చూపాలి. అది 1.010 దగ్గర ఉంటే ఆల్కహాల్ సుమారు 4.5 శాతం. లాక్టోజ్ వేస్తే అంకె ఇంకో 8–10 పాయింట్లు (అంటే 0.008–0.010) పైనే ఆగుతుంది, కంగారుపడొద్దు.

సీసాల్లో నింపడం

అడుగు మడ్డిని కదిలించకుండా సన్నని గొట్టంతో బీరును వేరే శుభ్రమైన బకెట్‌లోకి తీయండి. దిగిన బీరు లీటరుకు 7 గ్రాముల లెక్కన చక్కెర తూచి, కొంచెం నీళ్లలో మరిగించి చల్లార్చి, మెల్లగా కలపండి. ఈ తూకం కళ్లంచనాతో వేయొద్దు. చక్కెర ఎక్కువైనా, పులియడం పూర్తవకముందే నింపినా సీసాలు పేలతాయి, గాజు ముక్కలు ఎగురుతాయి. మొదటిసారికి సోడా ఒత్తిడి తట్టుకునే ప్లాస్టిక్ సీసాలే మంచివి: నొక్కి చూస్తే గ్యాస్ ఎంత పట్టిందో వేళ్లకే తెలుస్తుంది. గాజైతే బీరు కోసమే చేసిన మందపాటి గోధుమరంగు సీసాలు వాడండి. ఆకుపచ్చ, తెల్ల సీసాలగుండా వెలుతురు తగిలితే హాప్స్ చేదు పదార్థాలు విడిపోయి కంపు కొడతాయి. బీరు వాసనే పడదనే కొందరు తాగింది అలా ఎండ తగిలిన బీరే కావచ్చు.

పైన మూడు సెంటీమీటర్లు ఖాళీ వదిలి మూత బిగించి, 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు, తర్వాత రెండు రోజులు ఫ్రిజ్‌లో నిలబెట్టండి. మబ్బుగా కనిపించడం ఈ బీరు స్వభావం. నారింజ, ధనియాల పరిమళం నిలవచేస్తే పోతుంది కాబట్టి రెండు మూడు నెలల్లో తాగేయండి.